పాత కుళాయిలకు విడిభాగాలు వెతకడం: నా అనుభవం

మూడు వస్తువుల కోసం నా వేట సాగింది. పింగాణీ బేసిన్ మీద జంట ఇత్తడి కుళాయిలు ఒకటి. గోడకు బాగా ఎత్తున బిగించి, గొలుసు లాగితే నీళ్లు దూకే పోత ఇనుప ఫ్లష్ ట్యాంకు రెండోది. కాళ్లున్న ఎనామిల్ తొట్టికి వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఇచ్చే కుళాయి సెట్టు మూడోది. పాత ఇల్లు మా చేతికి వచ్చేసరికి మొదటిది కారుతోంది, రెండోది ఆగకుండా పొర్లుతోంది, మూడోది అసలు తిరగడమే లేదు. వచ్చి చూసిన ప్లంబర్లందరిదీ ఒకటే మాట: "ఇవి ఇప్పుడు రావండీ. పీకేసి కొత్తవి పెట్టించుకోండి."

ఆ కుళాయి మొత్తంగా ఇప్పుడు రాదు, నిజమే. కానీ పాడైంది మొత్తం కుళాయి కాదు కదా. మర తిప్పి మూసే కుళాయికి ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి పోత సంస్థ 1845లో పేటెంటు తీసుకుంది. ఆ లోపలి అమరిక తర్వాత నూరేళ్లు దాటినా పెద్దగా మారలేదు. పైన పిడి, దాని కింద గ్లాండ్ నట్టు, అందులో ప్యాకింగు (నీళ్లు ఊరకుండా చుట్టే తాడు), ఆ కింద బానెట్టు (కుళాయి ఒంటి మీద బిగిసే మూత భాగం), మధ్యలో స్పిండిల్ (పిడితో తిరిగే కడ్డీ), దాని అడుగున వాషర్‌ను పట్టుకున్న జంపరు, అది వచ్చి కూర్చునే సీటు. మూతి నుంచి చుక్కలు పడుతుంటే తప్పు వాషర్‌ది, కాకపోతే సీటుది. పిడి కింద నుంచి ఊరుతుంటే ప్యాకింగు పోయింది. ఎంత తిప్పినా పట్టు దొరక్కుండా జారుతుంటే స్పిండిల్ మర అరిగిపోయింది. ఈ మూడింట్లో ఏదో తేలకుండా దుకాణానికి వెళ్తే అతను చెప్పేది కొత్త కుళాయి సంగతే.

విప్పడానికి మాత్రం ఓపిక కావాలి. పచ్చటి చిలుము, తెల్లటి గార కలిసి ఇత్తడిని ఇత్తడికి అతికించేస్తాయి. నీళ్లు కట్టేసి, బేసిన్ రంధ్రంలో గుడ్డ కుక్కి (లేకపోతే చిన్న స్క్రూ లోపలికి జారుతుంది, ఇక అంతే), కీళ్ల దగ్గర తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశాను. ఒక పానాతో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకుని రెండో పానాతో బానెట్టు తిప్పాలి. ఒంటిని పట్టుకోకపోతే ఆ బలమంతా కింది పైపు మీదకో, పింగాణీ మీదకో పోతుంది. పింగాణీ పగిలితే దానికి విడిభాగం ఎక్కడా ఉండదు. బానెట్టు విప్పేముందు కుళాయిని కొంచెం తెరిచి ఉంచాలన్నది ఒక పెద్ద ప్లంబరు చెప్పిన మాట. మూసి ఉన్నప్పుడు విప్పితే స్పిండిల్ వెళ్లి సీటును నొక్కి పాడుచేస్తుంది. పానా పళ్లకు తోలుముక్క అడ్డం పెడితే పూత గీరుకోదు. గార వదలడానికి నిమ్మ ఉప్పు నీళ్లు బాగా పనిచేశాయి. అయితే అందులో నానేసి మర్చిపోకూడదు. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగి, పైన రాగి ఛాయ తేలుతుంది.

ఆ రాగి ఛాయ నీళ్ల వల్ల కూడా రావచ్చు. కొన్ని రకాల నీళ్లు ఏళ్ల తరబడి ఇత్తడిలోంచి జింకును లాగేసి, రూపం చెడకుండా లోపలంతా గుల్ల చేస్తాయి. మా బేసిన్ కుళాయిలో ఒక జంపరు అలాగే ఉంది. చూడ్డానికి బాగానే ఉంది, వేలితో గట్టిగా నొక్కితే అంచు విరిగింది. గులాబీ రంగు కనిపించిన భాగాన్ని మళ్లీ వాడకుండా పక్కన పెట్టడమే మంచిది.

పాత ప్యాకింగు గురించి ఒక హెచ్చరిక. గ్రాఫైటు పూసిన తాడులాంటిది గ్లాండులో చుట్టి ఉంటుంది. పాతకాలపు ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడిన రకాలూ ఉండేవి, చూపుతో తేడా పట్టలేం. అందుకే పొడిగా గీకలేదు, ఊదలేదు. తడిపి, కొక్కెంతో ఒకే ముద్దగా లాగి, సంచిలో మూట కట్టేశాను. దాని బదులు టెఫ్లాన్ ప్యాకింగు తాడు నట్టు బిగిసే దిక్కుగానే చుట్టాను. పిడి తిప్పేటప్పుడు చేతికి కొద్దిగా బరువు తెలిసేదాకా బిగిస్తే చాలు. అంతకు మించితే స్పిండిల్ అరుగుతుంది.

ఇక కొలతలు. ఈ వేటలో సగం పని ఇదే. అర ఇంచీ కుళాయి వాషర్ అర ఇంచీ ఉండదు, దాని వ్యాసం ముప్పావు ఇంచీకి దగ్గరగా ఉంటుంది. అర ఇంచీ పైపు మర బయటి వ్యాసమూ అర ఇంచీ కాదు. ఆ పేరు పాత ఇనుప పైపు లోపలి బోలును బట్టి వచ్చింది. బ్రిటిష్ బీఎస్‌పీ పద్ధతిలో అర ఇంచీ మర బయటి వ్యాసం 20.955 మిల్లీమీటర్లు, ఇంచీకి 14 చుట్లు. అమెరికా ఎన్‌పీటీలో దాదాపు 21.3 మిల్లీమీటర్లు, అక్కడా ఇంచీకి 14 చుట్లే. మా బేసిన్ కుళాయిలు బ్రిటన్‌వి, తొట్టి సెట్టు అమెరికాది. కట్టించినవాళ్లు ఏది నచ్చితే అది తెప్పించుకున్నట్టున్నారు, అనుభవించింది మేం.

ఈ రెండు పద్ధతుల మధ్య తకరారు అర ఇంచీ, ముప్పావు ఇంచీ దగ్గరే. రెండింట్లోనూ చుట్ల లెక్క ఒకటే కాబట్టి ఒక దేశపు నట్టు ఇంకో దేశపు మర మీదకు మొదట బుద్ధిగా ఎక్కుతుంది. కొన్ని చుట్లు తిరిగాక బిగుసుకుంటుంది. సరిగ్గా కుదిరిందనుకుని పానాతో ఇంకో పట్టు పడితే మర చెడుతుంది. బ్రిటిష్ మర గాడి కోణం 55 డిగ్రీలు, శిఖరాలు గుండ్రన. అమెరికాది 60 డిగ్రీలు, శిఖరాలు చదును. టేపు ఎంత చుట్టినా ఆ తేడా పూడదు, ఈరోజు కాకపోతే వచ్చే నెల కారుతుంది. చిన్నవాటిలో పట్టుకోవడం తేలిక. పావు ఇంచీ, 3/8 ఇంచీ మరలు బ్రిటిష్ పద్ధతిలో ఇంచీకి 19 చుట్లు, అమెరికాలో 18. ఒక ఇంచీ మరలో బ్రిటిష్‌ది 11, అమెరికాది 11న్నర. మర గేజి (చుట్ల లెక్క చూసే పళ్ల రేకు) పెట్టి చూస్తే వెంటనే తేలిపోతుంది. వ్యాసం కొలిచే వెర్నియరు, మర గేజి రెండూ చేతిలో ఉంటే దుకాణంలో మన మాటకు విలువ వస్తుంది. "పాత బేసిన్ కుళాయికి వాషర్" అంటే లేదన్నవాడే "పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్ల రబ్బరు బిళ్ల, మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల చిల్లు" అంటే డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు.

పైపు కలిసే చోట ఈ లెక్కలు సరిపోతాయి. కానీ బానెట్టు కుళాయి ఒంట్లోకి దిగే మర మాత్రం ఏ పద్ధతికీ లొంగకపోవచ్చు. చాలామంది తయారీదార్లు అక్కడ తమ సొంత మర పెట్టుకునేవారు. అందుకే ముందు కుళాయి ఎవరిదో తెలుసుకోవాలి.

గుర్తులు వెతకడం నాకు బాగా నచ్చిన పని. బ్రిటిష్ వస్తువుల మీద వజ్రం ఆకారపు ముద్ర ఉంటే దాని డిజైను 1842 నుంచి 1883 మధ్య రిజిస్టరు అయినట్టు. ఆర్‌డీ (అంటే రిజిస్టర్డ్) నంబరు అని అంకెలతో ఉంటే 1884లోదో, ఆ తర్వాతదో. ఆ అంకెను బట్టి రిజిస్టరు అయిన సంవత్సరం కూడా చెప్పొచ్చు. అమెరికా ఇత్తడి సామాను మీద పేటెంటు తేదీని పోతలోనే వేసేవారు. పింగాణీ ఫ్లష్ ట్యాంకులైతే మూత తిరగేసి చూడాలి, చాలావాటికి తయారైన తేదీ లోపలే అచ్చయి ఉంటుంది. ముద్ర అరిగిపోతే పూత సాక్ష్యం చెబుతుంది. క్రోము పూత వాడుకలోకి వచ్చింది 1920ల మధ్య నుంచి. అంతకుముందు నికెల్. నికెల్‌లో కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోములో నీలి చలువ. తెల్ల కాగితం పక్కన పెడితే తేడా తెలుస్తుంది. మా బేసిన్ కుళాయిలు నికెల్, తొట్టి సెట్టు క్రోము.

పేరు దొరికాక ఇంకో చిక్కు. ఆ కంపెనీ ఇప్పుడు అదే పేరుతో ఉండదు. స్కాట్లాండ్ బార్‌హెడ్‌లోని షాంక్స్ 1969లో ఆర్మిటేజ్‌తో కలిసి ఆర్మిటేజ్ షాంక్స్ అయింది. అమెరికాలో స్టాండర్డ్ శానిటరీ 1929లో అమెరికన్ రేడియేటర్‌తో కలిసింది, అదే తర్వాత అమెరికన్ స్టాండర్డ్. పాత పేరు కొట్టి ఏమీ దొరక్కపోతే కొత్త పేరు కింద దొరకొచ్చు. పాత వ్యాపార క్యాటలాగులు ఇంకా మేలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బిల్డింగ్ టెక్నాలజీ హెరిటేజ్ లైబ్రరీ అని ఒక సేకరణ ఉంది. అందులో మాట్, క్రేన్ లాంటి కంపెనీల ప్లంబింగ్ క్యాటలాగులు పేజీలకు పేజీలు ఉచితంగా చూడొచ్చు. బొమ్మ, కొలత, నంబరు అన్నీ ఉంటాయి. తొట్టి సెట్టు బొమ్మ చూస్తున్నప్పుడు మా దానిలో ఒక చిన్న ఇత్తడి ఉంగరం లేదని తెలిసింది. నాకంటే ముందెవరో విప్పి, తిరిగి పెట్టకుండా వదిలేశారు. ఆ ఉంగరం లేకే స్పిండిల్ పక్కకు ఒరిగి బిగుసుకుపోయింది. క్యాటలాగు చూడకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

వస్తువులు దొరికే చోట్ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు సామాను కొనేవాళ్లు, అమ్ముడుపోని పాత నిల్వ అటక మీద పెట్టుకున్న ప్లంబింగ్ దుకాణాలు, పాత నమూనాలకు కొత్త భాగాలు చేసే తయారీదార్లు. ఇంతే. ఫొటో పంపి అడగడం కంటే నమూనా చేతికివ్వడం వంద రెట్లు నయం. ఫొటోనే పంపాల్సి వస్తే పక్కన స్కేలు పెట్టి, పక్క నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, మర దగ్గరగా ఒకటి తీయాలి. విరిగిన భాగమైనా సరే, పని ముగిసేదాకా పారేయకూడదు. సగం విరిగిన స్పిండిల్‌లో కూడా మర చుట్ల లెక్క ఉంటుంది. తుక్కులో కొనేటప్పుడు నేను స్పిండిల్‌ను విడిగా కొనను, బానెట్టుతో జతగానే తీసుకుంటాను. ఆ రెండూ ఏళ్లపాటు ఒకదాన్నొకటి అరగదీసుకున్నవి. కొత్త స్పిండిల్‌ను అరిగిన బానెట్టులో పెడితే కొన్నాళ్లకే మళ్లీ ఊగుతుంది.

తొట్టి సెట్టులో వేడినీళ్ల వైపు స్పిండిల్ ఎక్కడా దొరకలేదు. చన్నీళ్ల వైపుది కొని పెట్టమని ఒక వ్యాపారి సలహా ఇచ్చాడు. కానీ రెండూ ఒకటి కావు. ఆ సెట్టులో పిడులు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో తిరగాలి, కాబట్టి ఒకవైపు మర కుడికి, ఇంకోవైపు ఎడమకు. చివరికి లేతు మిషన్ మీద చేయించాం. టర్నరు మొదట అడిగింది బానెట్టు. "స్పిండిల్ ఒక్కటిస్తే అరిగిన కొలతే మళ్లీ వస్తుందండీ, లోపలి మర చూస్తేనే అసలు కొలత తెలుస్తుంది" అన్నాడు. తర్వాత లోహం గురించి మాట్లాడుకున్నాం. మామూలు ఇత్తడి కడ్డీ కోతకు తేలిక, కానీ నీళ్లలో జింకు పోయే గుణం దానికి ఎక్కువ. రాగిలో తగరం కలిసే గన్‌మెటల్ మేలనుకున్నాం. లేతు దగ్గర నిలబడి ఆ ఎడమ మర పడుతుంటే చూడటం, ఈ పనంతటిలో నాకు దక్కిన వినోదం.

సీట్ల సంగతి తేలికగానే తేలింది. కారే కుళాయిలో ఏళ్లతరబడి నీళ్లు ఒకేచోట దూసుకుపోయి సీటు అంచు మీద గాడి పడుతుంది. ఎన్ని వాషర్లు మార్చినా ఆ గాడిలోంచి చుక్క వస్తూనే ఉంటుంది. సీటు చెక్కే చేతి పనిముట్టు ఒకటి ఉంది. దాన్ని బానెట్టు స్థానంలో బిగించి, మెల్లగా కొద్ది చుట్లు తిప్పితే అంచు మళ్లీ చదునవుతుంది. మెరుపు కనిపించగానే ఆపేయాలి. మరీ అరిగిన సీట్ల మీద కూర్చోబెట్టే ప్లాస్టిక్ సీట్లు కూడా వస్తాయి. అవి పాత కుళాయి అందాన్ని ఏమీ చెడగొట్టవు, ఎవరికీ కనపడవు. కంటికి కనపడని చోట కొత్త పదార్థం వాడటానికి నాకేం అభ్యంతరం లేదు. వాషర్లు కూడా తోలువి వద్దనుకుని ఈపీడీఎం రబ్బరువే పెట్టాను, వేడినీళ్లకు అది నిలబడుతుంది. ఆ రబ్బరుకు పెట్రోలియం గ్రీజు తగలకూడదు, ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజే రాయాలి.

ఫ్లష్ ట్యాంకు నన్ను ఆశ్చర్యపరిచింది. అందరూ తుక్కుకు వేయమన్నది దాన్నే, కానీ అసలు అరిగే భాగాలు తక్కువున్నదీ అదే. లోపల బరువైన ఇనుప గంట ఒకటి, నిలువు గొట్టం మీద బోర్లించినట్టు ఉంటుంది. గొలుసు లాగితే గంట లేస్తుంది, వదిలితే తన బరువుతో పడుతుంది. ఆ తోపుకు లోపలి నీళ్లు గొట్టం అంచు దాటి కిందికి దూకుతాయి, ఆ వెనకే సైఫన్ పట్టుకుని ట్యాంకు మొత్తం ఖాళీ చేస్తుంది. అందులో వాషరు లేదు, రబ్బరు లేదు. తుప్పు పొర గీకేస్తే గంట ఎప్పటిలాగే పనిచేసింది. చప్పుడు మాత్రం ఇల్లంతా వినపడుతుంది, దానికి మందు లేదు.

పొర్లుడికి కారణం నీళ్లు వచ్చే వైపు ఉంది. బాల్‌కాక్ (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే కవాటం) రాగి బంతిని విప్పి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాయి. అతుకు దగ్గర సన్నని బీట. బరువెక్కిన బంతి తేలదు, బంతి తేలకపోతే కవాటం మూసుకోదు. ప్లాస్టిక్ బంతి ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దాని మర మా కడ్డీ మరకు కుదరాలి. బ్రిటిష్ కడ్డీలకు సాధారణంగా ఇంచీలో పదహారో వంతులు అయిదు, అంటే 5/16 ఇంచీ విట్‌వర్త్ (పాత బ్రిటిష్ ప్రమాణం) మర, అమెరికావాటికి పావు ఇంచీ. నాకు రాగిదే ఉంచాలనిపించింది. చిన్న చిల్లు పెట్టి నీళ్లు వంచి, వెచ్చటి చోట పూర్తిగా ఆరనిచ్చి, ముందు బీటను సోల్డరు చేయించి, చిల్లును ఆఖరున మూయించాను. ఈ వరుస ముఖ్యం. లోపల తడి ఉండగా, గాలి పోయే దారి లేకుండా వేడి చేస్తే ఆవిరి సోల్డరును బయటికి తన్నేస్తుంది. మంట పట్టినవాడి చేయి కూడా కాలొచ్చు. తాగే నీళ్లు వెళ్లే దారిలో అయితే సీసం లేని సోల్డరే వాడాలి. ఇది ఫ్లష్ ట్యాంకు కాబట్టి ఆ బెంగ లేదు, అయినా సీసం లేనిదే వాడించాను.

అన్నిటికంటే మొండికేసింది లోపలి భాగం ఏదీ కాదు, పిడి. బేసిన్ చన్నీళ్ల కుళాయికి నాలుగు చేతుల పిడిలో ఒక చేయి విరిగిపోయింది. దుకాణాల్లో దేనికైనా సరిపోతుందని ఒక రకం పిడి అమ్ముతారు, పక్క స్క్రూతో బిగించేది. అది స్పిండిల్ తలను తినేస్తుంది, చూడ్డానికి అరువు తెచ్చుకున్న చెప్పులా ఉంటుంది. వద్దన్నాను. వేడినీళ్ల వైపు పిడిని నమూనాగా ఇచ్చి పోత పోయించాలన్నది నా ఆలోచన. పోతపనివారు ముందే చెప్పారు, ఇత్తడి చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం కుదించుకుపోతుందని. డెబ్బై మిల్లీమీటర్ల పిడి ఒక మిల్లీమీటరు తక్కువ వస్తుంది. జతలో ఆ తేడా కంటికి ఆనదు గానీ, మధ్యలో స్పిండిల్ కూర్చునే చదరపు రంధ్రం మాత్రం కుదరదు. అందుకే రంధ్రాన్ని పోతలో చిన్నగా ఉంచి, తర్వాత ఆకురాయితో కొద్దికొద్దిగా సాగదీసి స్పిండిల్‌కు అమర్చాం. ఆ రంధ్రం సరి చతురస్రం కాదు, కిందికి వెడల్పయ్యే చదరం. ఆకురాయి పట్టినాయన పదే పదే పెట్టి తీసి చూసుకుంటూ చేశాడు. పూతకు ఇచ్చేటప్పుడు క్రోము కాదు నికెల్ అని కాగితం మీద రాసి పిడికి కట్టి మరీ పంపాను. జతలో రెండూ కలిపి పూత వేయిస్తేనే రంగు కలుస్తుంది, అందుకని బాగున్న పిడికి కూడా పాత పూత తీయించాల్సి వచ్చింది.

ఇప్పుడు మూడూ పనిచేస్తున్నాయి. మిగిలింది ఆ పోతపిడి నడినెత్తిన కూర్చునే పింగాణీ బొత్తం. చన్నీళ్లది, తెలుపు మీద నల్ల అక్షరాలు, ఇత్తడి అంచుతో అడుగున మర ఉన్న రకం, అంచు వ్యాసం 22 మిల్లీమీటర్లు. నొక్కి అతికించే రకాలు చాలా కనిపించాయి గానీ మర ఉన్నది ఇంకా దొరకలేదు. కొలత రాసిన చీటీ జేబులోనే ఉంది, పాత సామాను అమ్మేచోటు కనిపిస్తే ఆగి అడుగుతున్నాను.